నడవని బండి ఎందుకు చెడుతుంది?

నడిపితే బండి అరుగుతుంది. ఇందులో వింతేమీ లేదు. టైరు రోడ్డుకు రాసుకుంటుంది, బ్రేకు లైనింగు డ్రమ్ముకు రాసుకుంటుంది, సిలిండరు గోడ పిస్టను రింగులకు రాసుకుంటుంది. రాపిడి ఉన్నచోట అరుగుదల తప్పదు. మరి నడపని బండికి ఏం పుట్టింది? షెడ్డులో పెట్టాం, మీద గుడ్డ కప్పాం, పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు, అయినా పదేళ్ళ తర్వాత తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేదేమిటి? పాత కారున్న ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వినబడేదే.

బందరులో నాకు తెలిసిన ఒక ప్లీడరు గారింట్లో ఈ ప్రశ్న వేసింది ఆయన మనవడు. ఇంటరు చదువుతున్న పదహారేళ్ళ కుర్రాడు. కారేమో 1969 నాటి ఫియట్ 1100 డిలైట్. ఈ మోడలు బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ కర్మాగారంలో 1964లో మొదలైంది. 1974లో ఇదే బండికి పద్మిని అని పేరు పెట్టారు. ఆ తర్వాత పాతికేళ్ళ పాటు బొంబాయి టాక్సీ అంటే అదే. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. కంప్యూటరు అన్నది ఎక్కడా లేదు. ఉన్న ప్రతి భాగాన్నీ విప్పి చేత్తో పట్టుకుని చూడవచ్చు. యంత్రం అంటే ఏమిటో నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదని నా నమ్మకం.

ప్లీడరు గారు కళ్ళు సరిగా ఆనక నడపడం మానేశాక బండి ఇరవై ఏళ్ళు షెడ్డులోనే ఉండిపోయింది. మనవడి మొదటి ఆలోచన అందరికీ వచ్చేదే: రంగు వేయించాలి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషను నడిపే బాబాయి ఆ మాట వినగానే చాప తెచ్చి బండి కింద పరిచాడు. "రంగు సంగతి తర్వాత చూద్దాంరా. ముందు కిందికి దూరి చూడు."

గాలి తగలని చోటే తినేస్తుంది

ఇనుము తుప్పు పట్టాలంటే రెండు కావాలి: నీరు, గాలిలోని ప్రాణవాయువు. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు లేదు. ఇంతవరకు బడిలో చదువుకున్నదే. అయితే బడిలో చెప్పని చిత్రం ఒకటుంది. శుభ్రంగా రుద్దిన ఇనుప రేకు మీద ఉప్పునీటి బొట్టు ఒకటి వేసి కాసేపు ఆగి చూడండి. బొట్టు అంచుకు గాలి బాగా అందుతుంది కాబట్టి తుప్పు అక్కడే పడుతుందనుకుంటాం. కానీ ఇనుము కరిగేది బొట్టు నడిమధ్యన, గాలి అందని చోట. అక్కడ కరిగిన ఇనుము నీటిలో అంచు వైపు పాకుతుంది. కరిగేటప్పుడు అది వదిలిన ఎలక్ట్రాన్లు రేకు గుండా అంచుకు చేరి అక్కడి ప్రాణవాయువుతో కలుస్తాయి. కరిగిన ఇనుమూ ప్రాణవాయువూ ఎదురైన చోట ఎర్రటి వలయం ఏర్పడుతుంది. అంటే ఒక్క నీటిబొట్టు కింద చిన్న బ్యాటరీ నడుస్తోందన్నమాట. ఇంగ్లండుకు చెందిన యులిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో ఈ ప్రయోగం చేసి చూపించాడు.

దీన్నిబట్టి, తుప్పు కనబడేది ఒకచోట, ఇనుము పోయేది మరోచోట. కారులో గాలి ఆడని సందులు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కేసుకోండి. కాళ్ళ దగ్గర పరిచిన మ్యాటు కింద, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు వెనక, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి వేసి వెల్డింగు చేసిన అతుకులో, తలుపు అడుగున. తలుపు లోపలికి దిగిన వాన నీరు పోవడానికి అడుగున చిన్న రంధ్రాలుంటాయి. అవి దుమ్ముతో పూడితే నీరు లోపలే నిలుస్తుంది. ఈ బండికి పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది. మ్యాటు ఎత్తి మనవడు స్క్రూడ్రైవరుతో అలా పొడవగానే అది నేలకు దిగబడింది.

బందరు కావడం వల్ల మరో చిక్కు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు కంటికి కనబడని పొడిగా రేకు మీద పేరుకుంటుంది. కోస్తాలో తేమ 75 దాటని రాత్రులు ఎన్ని ఉంటాయి? వాన పడక్కర్లేదు, మంచు కురవక్కర్లేదు, షెడ్డులో ఉన్న రేకు మీద కూడా సన్నటి ఉప్పునీటి పొర రోజూ తయారవుతుంది. పైగా ఉప్పునీటిలో కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి ఎవాన్స్ చూపించిన ఆ చిన్న బ్యాటరీలు మరింత జోరుగా పనిచేస్తాయి. ఇక ఒంటికి అంటేట్టు కప్పిన ప్లాస్టిక్ పరదా మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. లోపలి తేమను బయటకు పోనివ్వదు.

పోయిన ఇనుము తిరిగి రాదు. బాబాయి నేల రేకులో చిల్లులు పడ్డ మేర కోసి, అదే మందం కొత్త రేకు పెట్టి వెల్డింగు చేశాడు. దానికి ముందు బ్యాటరీ వైర్లు పీకేశాడు, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టించాడు. ఖాళీ ట్యాంకు కదా అని మనవడు అశ్రద్ధ చేయబోతే గట్టిగానే కేకలేశాడు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం. పెట్రోలు ద్రవంగా పేలదు. గాలితో కలిసిన ఆవిరి పేలుతుంది. ఖాళీ ట్యాంకు నిండా ఉండేది అదే.

పైపైన తుప్పు పట్టి లోపల గట్టిగా ఉన్న చిన్న భాగాలకు మాత్రం వేరే వైద్యం ఉంది. దీనికి నాయనమ్మ దగ్గర బట్టల సోడా తీసుకున్నారు. ప్లాస్టిక్ బకెట్టులో నీళ్ళు పోసి, సోడా కలిపి, పాత ఇనుప కడ్డీ ఒకటి అంచుకు వేలాడదీసి దాన్ని బ్యాటరీ చార్జరు ప్లస్సుకు కలిపారు. తుప్పు పట్టిన తలుపు మడతబందును కడ్డీకి తగలకుండా మధ్యలో వేలాడదీసి మైనస్సుకు కలిపారు. స్విచ్చి వేసిన నిమిషంలోనే మడతబందు చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. అవి ఉదజని వాయువు బుడగలు. మండే వాయువు కాబట్టి ఈ పని ఆరుబయటే చెయ్యాలి. తెల్లవారేసరికి ఎర్ర తుప్పులో కొంత నల్లటి పొడిగా మారి, మిగతాది వదులై, బ్రష్షుతో రుద్దితే రాలిపోయింది. చార్జరు పంపే ఎలక్ట్రాన్లు చేసిన పని ఇది. తుప్పు పట్టేటప్పుడు ఇనుము ఎలక్ట్రాన్లను వదులుకుంది, ఇప్పుడు చార్జరు వాటిని ఎదురు తోస్తోంది. ప్లస్సు వైపు స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాలూ గరిటెలూ మాత్రం పెట్టకూడదు. అందులోని క్రోమియం విషపదార్థంగా మారి నీళ్ళలో కలుస్తుంది.

ఇలా బయటపడ్డ ఇనుము పచ్చిది. కడిగి ఆరబెట్టేలోగానే దానిమీద మళ్ళీ నారింజ ఛాయ మొదలవుతుంది. అందుకే ఆరిన వెంటనే జింకు కలిసిన ప్రైమరు పూస్తారు. జింకు ఇనుము కన్నా త్వరగా కరిగే లోహం. పూతకు గీత పడినా ముందు అది కరుగుతుంది, ఇనుము జోలికి పోనివ్వదు.

కదలని పిస్టన్లు

ఇంజను సంగతికి వస్తే, ముందు పక్కనున్న పుల్లీ నట్టుకు పెద్ద స్పానరు తగిలించి తిప్పబోయారు. రాయి కదిలినా అది కదల్లేదు.

"ఇంకాస్త బలంగా లాగనా, బాబాయ్?"

"లాగితే విరిగేది స్పానరు కాదురా, రింగులు. వదిలెయ్."

ఇంజను ఆగినప్పుడు నాలుగు సిలిండర్లలో ఏదో ఒకదాని వాల్వు తెరిచే ఉంటుంది. ఆ దారిన తేమగాలి లోపలికి వెళ్ళిపోతుంది. సిలిండరు గోడా పోత ఇనుమే, పిస్టను చుట్టూ ఉండే రింగులూ పోత ఇనుమే. రోజూ నడిచే ఇంజనులో ఈ రెంటి మధ్య ఆయిలు పొర తడి ఆరకుండా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ అది కిందికి జారిపోతుంది. అప్పుడు రింగు ఆగిన చోట గోడ మీద సన్నటి తుప్పు పడుతుంది. ఇక్కడ తుప్పుకున్న మరో గుణం గుర్తుంచుకోవాలి: ఎంత ఇనుము కరిగిందో దానికి రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది. వెంట్రుకవాసి సందులో అలా ఉబ్బిన తుప్పు పిస్టన్ను పట్టేస్తుంది. కాంక్రీటు స్తంభాల్లో చువ్వలు తుప్పు పట్టి పెచ్చులూడటానికీ కారణం ఈ ఉబ్బే.

ఇలాంటప్పుడు బలం పనికిరాదు, ఓపిక పనిచేస్తుంది. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రాల్లోంచి డీజిలూ పవర్ స్టీరింగు ఆయిలూ కలిపిన పల్చటి ద్రవం పోసి వదిలేశారు. సందు ఎంత ఇరుకైతే ద్రవం అంత దూరం తనంతట తాను పాకుతుంది. ద్రవం అణువులు గోడను అంటిపెట్టుకోవడం, వెనకనున్న అణువుల్ని లాక్కుపోవడం దీనికి కారణం. ద్రవం పల్చగా ఉంటేనే ఈ పాకుడు త్వరగా సాగుతుంది. చిక్కటి ఇంజను ఆయిలు పోస్తే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. రోజూ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి మనవడు స్పానరును అటూ ఇటూ ఒకింత ఊపేవాడు. రెండో వారంలో పుల్లీ ఒక గోరంత కదిలింది. ఆ పూట ఇల్లంతా షెడ్డులోనే ఉంది.

కదిలింది కదా అని వెంటనే స్టార్టు చెయ్యకూడదు. రాలిన తుప్పుపొడి ఉప్పుకాగితమై సిలిండరును గీకేస్తుంది. హెడ్డు విప్పి, సిలిండర్లను ఆటోనగర్‌లో పాలిష్ పట్టించి, కొత్త రింగులు వేశారు. తిరిగి హెడ్డు బిగించడంలోనూ ఒక పద్ధతుంది. బోల్టులను మధ్యనుంచి మొదలుపెట్టి అంచులకు పోతూ, ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా బిగించాలి. అంచులు ముందు బిగిస్తే మధ్యలో హెడ్డు ఉబ్బినట్టుండి గ్యాస్కెట్టు సరిగా కూర్చోదు. బోల్టంటే బిగిస్తే ఒకింత సాగి, మళ్ళీ ముడుచుకోవాలని చూసే ఉక్కు స్ప్రింగు. ఆ ముడుచుకునే బలమే హెడ్డును పట్టి ఉంచుతుంది. ఎక్కువ బిగిస్తే సాగినది వెనక్కి రాదు, తక్కువ బిగిస్తే పట్టు ఉండదు. అందుకే చేతి అంచనా మీద వదలకుండా కొలిచి బిగించే టార్క్ రెంచి వాడతారు. మనవడికి బాబాయి కొనిచ్చిన మొదటి పనిముట్టు అదే. నన్నడిగితే చదరంగం బల్ల కన్నా మంచి బహుమతి.

బంకగా మారిన పెట్రోలు

పెట్రోలు ఒకే పదార్థం కాదు, ఎన్నో రకాల నూనెల కలబోత. తేలికైనవి ముందు ఆవిరైపోతాయి. చల్లటి ఇంజనులో చటుక్కున అంటుకునేవి అవే. మిగిలిన బరువైనవి గాలిలోని ప్రాణవాయువుతో మెల్లగా కలిసి, ఒక అణువుతో ఇంకొకటి ముడిపడి, పొడవైన గొలుసులై చిక్కబడతాయి. ఇది మన వంటింట్లో రోజూ జరిగేదే. నూనె డబ్బా మూతి చుట్టూ, పొయ్యి పైనున్న గోడ మీద, పచ్చగా పట్టే జిడ్డు గుర్తుచేసుకోండి. మొదట్లో గుడ్డతో తుడిస్తే పోతుంది. నెలలు వదిలేస్తే బంకగా సాగుతుంది. ఏళ్ళు వదిలేస్తే గోరుతో గీకినా రాని పొరగా బిగుసుకుంటుంది. అక్కడ నూనె ఆరిపోలేదు, ఆవిరీ కాలేదు. గాలిని తిని గట్టిపడింది. పల్చగా పరుచుకున్న చోట గాలి ఎక్కువ తగులుతుంది కాబట్టి డబ్బా లోపలి నూనె బాగానే ఉన్నా మూతి దగ్గరిది ముందు బంకవుతుంది. కార్బురేటరులో మిగిలిపోయిన పెట్రోలూ అంతే. అడుగున కాసింత, గాలికి తెరిచి ఉన్నది. ముందు బంక పట్టేది అక్కడే.

కార్బురేటరు పని గాలిలో పెట్రోలును సరైన పాళ్ళలో కలపడం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో దాదాపు పదిహేను పాళ్ళు గాలి కావాలి. పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించేది ఇత్తడితో చేసిన చిన్న జెట్టు, అందులోని సూది బెజ్జమంత రంధ్రం. నాయనమ్మ ఇత్తడి అనగానే చింతపండు తెచ్చిచ్చింది. రుద్దితే జెట్టు బంగారంలా మెరిసింది, రంధ్రం మాత్రం మూసుకునే ఉంది. చింతపండులోని పులుపు, అంటే టార్టారిక్ ఆమ్లం, లోహం మీది చిలుమును కరిగిస్తుంది. బంక చిలుము కాదు, నూనె జాతి. దాన్ని కరిగించడానికి అదే జాతి ద్రవం కావాలి. రంగుల షాపులో దొరికే థిన్నరులో నానబెడితే వదిలింది.

మనవడు సూదితో పొడుద్దామన్నాడు గానీ ప్లీడరు గారు ఒప్పుకోలేదు. ఆయన నడిపిన రోజుల్లో ఎవరో మెకానిక్ అలా పొడిచి బండి పెట్రోలు తాగేట్టు చేశాడట. లెక్క వేసి చూస్తే ఆయన మాట నిజం. 1.2 మిల్లీమీటర్ల రంధ్రం 1.3 అయిందనుకోండి. వెడల్పు పెరిగింది వెంట్రుకంత. వైశాల్యం పెరిగింది 17 శాతం.

పెట్రోలు సంగతిలోనే ఇంకో మాట. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. 1969లో ఈ బండి రబ్బరు గొట్టాలను తయారుచేసిన వాళ్ళు అలాంటి పెట్రోలును ఊహించలేదు. ఇథనాల్‌కు కొన్ని పాత రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. పైగా అది నీటిని తనలోకి లాక్కుంటుంది. గొట్టాలూ పంపు డయాఫ్రమూ ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చక తప్పలేదు.

నీరు తాగే బ్రేకు ఆయిలు

రబ్బరు విషయంలో మరమ్మతు అన్న మాట లేదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేసి, దాని అణువుల గొలుసుల మధ్య వంతెనలు కట్టవచ్చని కనిపెట్టాడు. సాగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గుణం ఆ వంతెనలదే. ఏళ్ళు గడిచేకొద్దీ ప్రాణవాయువు కొన్నిచోట్ల గొలుసుల్ని తెంచుతుంది, కొన్నిచోట్ల లేని వంతెనలు కడుతుంది. గాలిలో అతి కొద్దిగా ఉండే ఓజోను, వంగి సాగిన చోట్ల పగుళ్ళు తెస్తుంది. ఇవేవీ వెనక్కి తిప్పలేని మార్పులు. టైరు గాళ్ళు లోతుగా కొత్తగానే కనిపించినా పక్కగోడ మీద సన్న పగుళ్ళుంటే దానికి కాలం చెల్లిందనే లెక్క. 2000 నుంచి తయారైన టైర్ల పక్కగోడ మీద నాలుగంకెలు అచ్చై ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. సెకండ్‌హ్యాండు టైరు కొనేవాళ్ళు గాళ్ళు చూసే ముందు ఆ అంకెలు చూడాలి.

బ్రేకు ఆయిలు పేరుకే ఆయిలు. గ్లైకాల్ జాతి ద్రవం కాబట్టి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 140కి దిగిపోతుంది. ఘాటు రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. మరిగితే ఆవిరి పుడుతుంది. ద్రవాన్ని నొక్కలేం, ఆవిరిని నొక్కగలం. పెడలు నేలకు దిగుతుంది, బండి ఆగదు. నడవని బండిలో ఇదే నీరు చక్రం దగ్గరి చిన్న సిలిండర్లను లోపలినుంచి తినేసి గుంటలు చేస్తుంది. నాలుగు చక్రాల దగ్గరా సిలిండర్లు కొత్తవి వేశారు. ఇక్కడ డబ్బు చూసుకోవద్దని చెప్పింది ఇంట్లో అందరికన్నా పొదుపరి అయిన నాయనమ్మే.

సెకనుకు వంద నిప్పురవ్వలు

కంప్యూటరు లేని ఈ ఇంజనులో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టించేది పాయింట్లు అనే చిన్న మీట. అది మూసుకున్నప్పుడు కాయిల్‌లో 12 వోల్టుల కరెంటు పారి దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. మీట చటుక్కున తెరుచుకోగానే ఆ క్షేత్రం కుప్పకూలి, వేల చుట్లున్న రెండో తీగలో వేల వోల్టులు పుడతాయి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేటప్పుడు నాలుగు సిలిండర్లకూ కలిపి సెకనుకు వంద రవ్వలు కావాలి. అంటే ఆ మీట సెకనుకు వందసార్లు తెరుచుకుని మూసుకోవాలి.

ఇరవై ఏళ్ళు కదలని పాయింట్ల మీద కంటికి ఆనని చిలుము పొర పట్టింది. అంత పొర చాలు, 12 వోల్టుల కరెంటు దాటలేదు. అరగంట సేపు బ్యాటరీనీ కాయిల్‌నూ అనుమానించాక, కుర్చీ వేయించుకుని షెడ్డులో కూర్చున్న ప్లీడరు గారు తన పాత విజిటింగు కార్డు ఒకటి తెప్పించి పాయింట్ల మధ్య పెట్టి రుద్దమన్నారు. కార్డు మీద నల్లటి గీత పడింది. ఆ కార్డు మందమే సుమారుగా పాయింట్ల మధ్య ఉండాల్సిన సందు కూడా. దారిలో బండి ఆగితే ఆయన చేసే పని అదేనట. మనవడు తర్వాత ఫీలరు గేజి పెట్టి కొలిచి సరిచేశాడనుకోండి.

లీటరుకు లీటరు నీరు

బండి నడిచింది. ఇప్పుడు దాన్ని మళ్ళీ చెడకుండా చూడటమెలా? వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపెయ్యమని చాలామంది సలహా ఇస్తారు. నా దృష్టిలో అంతకన్నా చెరుపు లేదు. పెట్రోలులో ఉదజని ఉంటుంది. మండినప్పుడు అది ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. వేడెక్కిన ఇంజనులో అది ఆవిరిగా బయటకు పోతుంది. అయిదు నిమిషాలకే ఆపితే సైలెన్సరులోనూ ఆయిలులోనూ చేరి అక్కడే నిలుస్తుంది. వారం వారం అలా పోస్తూ పోతే లోపలినుంచి తుప్పు పట్టించినట్టే. బ్యాటరీకీ నష్టమే. స్టార్టరు లాగేసిన కరెంటు అయిదు నిమిషాల్లో తిరిగి చేరదు. చార్జి తగ్గి ఉన్న బ్యాటరీ పలకల మీద సీసపు సల్ఫేటు ముందు సన్నటి పలుకులుగా పడుతుంది. చార్జి చేస్తే అవి కరుగుతాయి. వదిలేస్తే ముదిరి పెద్ద పలుకులవుతాయి, అప్పుడిక చార్జి ఎక్కదు.

కాబట్టి నడిపితే ఆయిలు బాగా వేడెక్కేదాకా నడపాలి, లేదా అసలు ముట్టుకోకూడదు. యాభై ఏళ్ళు దాటిన బండ్లకు 2021 నుంచి వీఏ అక్షరాలతో వింటేజి నంబరు ఇస్తున్నారు. కాకపోతే ఆ నంబరుతో ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతులకూ, పెట్రోలు పోయించుకోవడానికీ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. ఈ ఇంట్లో వాళ్ళు మామూలు రిజిస్ట్రేషనునే పునరుద్ధరించుకున్నారు. మనవడికి లైసెన్సు రావాలంటే ఇంకా రెండేళ్ళు ఆగాలి. అందాకా డ్రైవింగు వాళ్ళమ్మది. పదిహేను రోజులకోసారి ఆదివారం పొద్దున బందరు నుంచి పెడన దాకా వెళ్ళి వస్తారు. రానూపోనూ ఇరవై కిలోమీటర్లు. ఆయిల్లో నీరు ఎగిరిపోవడానికి అది సరిపోతుంది.